స్టాకు ఉన్నంత వరకే: మోండా బజారు నుంచి మొబైల్ తెర దాకా

ఆషాఢ మాసంలో సికింద్రాబాద్ వెళ్ళి చూడండి. ఉజ్జయినీ మహాకాళి బోనాలకు ముందు రోజుల్లో మోండా మార్కెట్లో వేపకొమ్మకూ బంతిపూలకూ నిమ్మకాయకూ గిరాకీ పెరిగి రేటు ఎక్కుతుంది. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న జనరల్ బజారులో బట్టల దుకాణాల ముందు అదే రోజుల్లో ఆషాఢం తగ్గింపు బోర్డులు వేలాడతాయి. నెల ఒకటే, జనమూ వాళ్ళే. ఒక వీధిలో ధర ఎక్కితే పక్క వీధిలో దిగుతుంది.

ఇందులో మాయ లేదు. పూలు ఇవాళ అమ్ముడుపోకపోతే రేపటికి చెత్త. అవి వచ్చినవే కొన్ని, కావలసినవాళ్ళు వేలమంది, కాబట్టి రేటు ఎక్కుతుంది. చీర సంగతి అది కాదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెళ్ళి బట్టలు కొనేవాళ్ళు ఉండరు. బీరువాలో మిగిలిన సరుకును శ్రావణం లోపు కదిలించాలంటే ధర తగ్గించి జనాన్ని పిలవాలి. రెండు వీధుల్లోనూ సరుకు పరిమితమే. పూలు ఎన్ని ఉన్నాయో కొనేవాడి కళ్ళ ముందే ఉంటుంది. తగ్గింపు చీరలు ఎన్ని ఉన్నాయో మాత్రం దుకాణదారుకు తప్ప ఎవరికీ తెలియదు. పండుగ అమ్మకాల ప్రకటనల మీద గత నాలుగు దశాబ్దాల్లో మన దేశంలో వచ్చిన నిబంధనలన్నీ ఈ తేడా నుంచే పుట్టాయి.

లష్కర్ బజారు

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహాయ ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు దిగింది. 1806లో ఆ ప్రాంతానికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. కాగితం మీద సికింద్రాబాద్ అయినా జనం నోట అది లష్కరే. దండు ఉన్నచోట కూరగాయ కావాలి, గడ్డి కావాలి, కట్టెలు కావాలి, కుండలు కావాలి. మోండా పెరిగింది ఆ అవసరం మీదనే. 1874లో సికింద్రాబాద్ స్టేషను వచ్చాక సరుకు రావడం, జనం రావడం రెండూ సులువయ్యాయి. స్టేషనులో దిగి నడుచుకుంటూ మార్కెట్లోకి రావచ్చు. దండు, రైల్వే రెండూ నెల జీతాల కొలువులు కావడంతో ఒకటో తారీఖుకు చేతిలో రొక్కం ఆడే కొనుగోలుదారులు ఈ ఊళ్ళో మొదటినుంచీ ఉన్నారు.

కంటోన్మెంట్లున్న చోట బజారు ధరల మీద దొరల కన్ను ఉండేది. ఏ సరుకు ఎంతకు అమ్మాలో నిరకు పట్టీ కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కంట్రోలు వచ్చింది. బియ్యం, చక్కెర, కిరసనాయిలు, బట్ట అన్నీ మనిషికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవి అయ్యాయి. ఇప్పటికీ చౌకధరల దుకాణంలో బియ్యాన్ని పెద్దవాళ్ళు కంట్రోలు బియ్యమే అంటారు. 1945లో సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు మినహా మిగతా భాగం పాలన తిరిగి నిజాం ప్రభుత్వానికి వచ్చింది. పాలకులు మారినా కంట్రోలు క్యూలు మాత్రం పోలేదు.

ఆ క్యూలో తిట్లుండేవి, తోపులాట ఉండేది, కొలతలో మోసమూ ఉండేది. కానీ వాటా ఎంతో, ధర ఎంతో వరుసలో నిలబడకముందే తెలిసేది. రేటు బోర్డు మీద రాసిపెట్టే పద్ధతి 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లలో కొత్త రూపం తీసుకుంది. 2019 డిసెంబరులో ఉల్లి ధర మండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ రైతుబజార్లలో కిలో రూ. 25కు, మనిషికి కిలో చొప్పున ఇచ్చారు. జనం తెల్లవారకముందే వరుస కట్టారు, కొన్నిచోట్ల తోసుకున్నారు కూడా. చౌకగా ఇచ్చేది ప్రభుత్వమైనా సరే, సరుకు చాలదన్న భయం ఉంటే గుంపు గుంపే. ఈ పాఠం తర్వాతి కథంతటికీ పనికొస్తుంది.

కుప్ప చెప్పే నిజం

మోండాలో ప్రకటన అంటే గొంతు. పొద్దున కేజీ లెక్కన పలికిన టమాటా సాయంత్రానికి కుప్ప లెక్కకు దిగుతుంది. గోనెపట్టా మీద పోసిన కుప్పలు ఎన్నో అన్ని. చివరి కుప్ప లేచిందంటే ఆ రేటూ లేచిపోయినట్టే. అమ్మే ఆమె సరుకు పరిమితమని వేరుగా చెప్పనక్కర్లేదు. మెత్తబడ్డ కాయలు అడుగున దాస్తుందేమో చూసుకోవలసింది కొనేవాళ్ళే. మోసానికి చోటు లేదని కాదు. మోసం సరుకు నాణ్యంలో జరగొచ్చు, తూకంలో జరగొచ్చు. లేని సరుకును ఉందని చెప్పి పిలవడం మాత్రం కుదరదు.

తూకం సంగతి ప్రభుత్వం చూసుకుంది. 1956 నాటి తూనికలు కొలతల చట్టం తర్వాత శేర్లూ వీశెలూ పోయి కిలోలు వచ్చాయి. కొలత మారినా కొసరు మారలేదు. పావుకిలో పచ్చిమిర్చి మీద కరివేపాకు రెమ్మ, పూలమూర మీద మరో నాలుగు వేళ్ళు. బోణీ బేరమైతే ఇంకాస్త మెత్తదనం. ఉచితం అన్న మాటకు మోండా ఇచ్చిన అర్థం ఇదే: అమ్మే మనిషి తన లాభంలోంచి తీసి చేతిలో పెట్టేది. పెట్టె మీద ముద్రించిన ఉచితానికీ దీనికీ చాలా దూరం ఉంది.

పండుగల పట్టిక తీసుకున్నా ఇదే వరస. ఉగాదికి వేపపువ్వు, వినాయక చవితికి పత్రి, బతుకమ్మకు తంగేడు, గునుగు, దసరాకు జమ్మి. ఊళ్ళనుంచి మూటలు మోసుకొచ్చినవాళ్ళు రెండు మూడు రోజుల్లో అమ్ముకుని వెళ్ళాలి. మధ్యాహ్నం పలికిన ధర పొద్దువాలాక పలకదు. చవితి మర్నాడు పత్రిని అడిగే దిక్కు ఉండదు. ఈ కొరత కాలం తెచ్చిపెట్టేది, దాన్ని ఎవరూ కల్పించలేదు. హైదరాబాద్ నుమాయిష్‌లోనూ ఇలాంటి గడువే పనిచేస్తుంది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత నాంపల్లికి మారిన ఆ ప్రదర్శన జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగడం ఆనవాయితీ. చివరి రోజుల్లో అక్కడ బేరం కుదరడం తేలిక. కశ్మీరు నుంచి తెచ్చిన శాలువాలను మళ్ళీ కశ్మీరుకు మోసుకుపోవడం ఎవరికి ఇష్టం?

పత్రిక పేజీలోకి ఎక్కిన తగ్గింపు

తగ్గింపుకు తొలి గౌరవం తెచ్చినవి ప్రభుత్వ, సహకార దుకాణాలే అనాలి. గాంధీ జయంతికి ఖాదీ భండార్లలో రిబేటు, పండుగలకు ఆప్కో దుకాణాల్లో చేనేత మీద రిబేటు. శాతం ఎంతో ముందే ప్రకటించేవారు, తగ్గిన సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో తెలిసేది. గుడ్డ ముతకదని మూతి విరిచినవాళ్ళున్నారేమో గానీ, రిబేటు అబద్ధమన్నవాళ్ళు తక్కువ.

ప్రైవేటు వస్త్ర వ్యాపారం ఈ దారి పట్టడానికి పత్రికలు తోడ్పడ్డాయి. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకో అనుబంధం చొప్పున తేవడంతో వ్యాపార ప్రకటనల లెక్క మారిపోయింది. అంతకుముందు రాష్ట్రమంతటికీ వెళ్ళే పేజీలో ప్రకటన ఇవ్వాలంటే పెద్ద కంపెనీయే కావాలి. జిల్లా పేజీ వచ్చాక జిల్లా కేంద్రంలోని చీరల దుకాణం కూడా తన ఊరి పాఠకులకు మాత్రమే చేరే ప్రకటన తన తాహతులో ఇవ్వగలిగింది. ఆ దారిన మిగతా పత్రికలూ నడిచాయి. తర్వాత స్థానిక కేబుల్ టీవీ వచ్చింది, సినిమా తారల చేత రిబ్బను కత్తిరింపులు వచ్చాయి. దండోరా వినిపించే దూరం ఒక వీధి నుంచి ఒక జిల్లాకు పెరిగింది. దుకాణంలో సరుకు మాత్రం ఒక దుకాణంలో పట్టేంతే.

కొత్త రకం పండుగ అమ్మకం అక్కడే పుట్టింది. ఎంపిక చేసిన కొన్ని చీరలకు కళ్ళు చెదిరే ధర పెడతారు. అవి చూసి వచ్చినవాళ్ళు వాటికోసం ఆగరు, మిగతావి కొనుక్కుని పోతారు. వ్యాపార లెక్కలో ఆ కొన్ని చీరల నష్టం ప్రకటన ఖర్చులో ఒక భాగం. ఇది తప్పు కాదు. ఎర వేసిన చీరలు నిజంగా ఉండి, రోజు సగమైనా దొరుకుతూ, ఎన్ని ఉన్నాయో చెబితే అది సరైన వ్యాపారమే. పదో ఇరవయ్యో చీరలు పెట్టి జిల్లా అంతా చాటితేనే చిక్కు. అప్పుడు ప్రకటన చదివి బస్సెక్కి వచ్చిన మనిషి చార్జీ, పోయిన కూలి కూడా దుకాణం ఖర్చులో కాక ఆమె ఖర్చులో పడతాయి.

చట్టం కళ్ళు తెరిచిన తీరు

1969లో పార్లమెంటు చేసిన గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల చట్టం, అదే ఎమ్మార్టీపీ చట్టం, 1970 జూన్‌లో అమలులోకి వచ్చింది. దాని చూపంతా పెద్ద పారిశ్రామిక సంస్థల మీదనే; కొనుగోలుదారును మోసపుచ్చే ప్రకటనల ఊసు అందులో లేదు. ఆ లోటును జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 1978లో ఎత్తి చూపింది. 1984 సవరణతో 36ఏ అనే సెక్షను వచ్చి చేరింది.

పండుగ సేల్ గురించి మన దేశంలో చట్టం సూటిగా మాట్లాడింది అక్కడే. తక్కువ ధరకు ఇస్తామని ప్రకటించి, ఆ ధరకు అమ్మే ఉద్దేశమే లేకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అంది. ఉద్దేశం ఉన్నా చాలదు. మార్కెట్ స్వభావం, వ్యాపారం పరిమాణం, ప్రకటన తీరు చూసినప్పుడు సబబు అనిపించేంత కాలం, సబబు అనిపించేంత సరుకు ఆ ధరకు ఉంచాలి. ఇందులో చివరి మాట ముఖ్యం. గుమ్మం ముందు పలక మీద రాసినవాడికీ జిల్లా అంతా చాటినవాడికీ ఉంచవలసిన సరుకు ఒకటి కాదు. ప్రకటన ఎంత దూరం పోతే బాధ్యత అంత పెరుగుతుంది. మామూలుగా అమ్మే ధర గురించి జనాన్ని పొరపాటు పట్టించడం, ఖర్చును ధరలో కలిపి ఉచితమని చెప్పడం కూడా అదే సెక్షను కింద తప్పులయ్యాయి.

మాట బాగుంది గానీ ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే కమిషను ఢిల్లీలో ఉండేది. వంద రూపాయల చీర దొరకలేదని సికింద్రాబాద్ మనిషి ఢిల్లీకి ఫిర్యాదు రాస్తుందా? 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం న్యాయాన్ని జిల్లా ఫోరం దాకా తెచ్చింది. ఆ తేదీనే ఏటా జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాం. మొదట్లో ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి నిర్వచనానికి 36ఏ వైపు వేలు చూపింది. 1993 సవరణలో ఆ నిర్వచనాన్ని తనలోనే రాసుకుంది. 2009 సెప్టెంబరు 1న ఎమ్మార్టీపీ చట్టం రద్దయినా ఆ వాక్యాలు పోకపోవడానికి కారణం అదే.

2002 సవరణలో మరో మంచి మాట చేరింది. పండుగ బంపర్ డ్రాలు గుర్తున్నాయి కదా. కారు, స్కూటరు, బంగారు నాణెం అని పేజీ నిండా వేసేవారు. గెలిచిందెవరో మాత్రం చెప్పేవారు కాదు. తుది ఫలితాలు దాచడం అనుచిత పద్ధతి అని ఆ సవరణ తేల్చింది. పథకాన్ని ఏ పత్రికల్లో ప్రకటించారో సబబైన గడువులో ఆ పత్రికల్లోనే ఫలితాలు కూడా ప్రస్ఫుటంగా వేయాలంది. ఊరించడానికి పనికొచ్చిన పేజీ జవాబు చెప్పడానికీ పనికి రావాలన్నమాట.

గరిష్ఠ చిల్లర ధర కథ దీనికి సమాంతరంగా నడిచింది. ప్యాకెట్ల మీద అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ ముద్రించే నియమం 1990 నుంచి బిగిసింది. అంతకు మించి అమ్మకూడదన్నది దాని ఉద్దేశం. వ్యాపారులు దాన్ని తిప్పి వాడుకోవడం నేర్చారు. ముద్రించిన ధరను ఆకాశానికి పంపి, అందులో సగానికో పావుకో ఇస్తున్నామని బోర్డు పెట్టడం దీపావళి టపాసుల దుకాణాల్లో ఏటా చూసేదే. కొనుగోలుదారును కాపాడవలసిన అంకె తగ్గింపును పెద్దది చేసి చూపే అంకె అయింది.

చౌకకు చెల్లించిన మూల్యం

2001లో కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్‌లలో తలుపులు తెరిచిన బిగ్ బజార్ 2006 జనవరి 26న అన్నిటికన్నా చౌక రోజు అంటూ దేశమంతటా పిలుపిచ్చింది. వచ్చిన జనాన్ని దుకాణాలు పట్టలేకపోయాయి. కొన్ని నగరాల్లో పోలీసులు రావలసి వచ్చింది. తర్వాతి ఏళ్ళలో ఒక రోజు కాస్తా మూడు రోజులూ అంతకు మించీ సాగింది. గడువు పెంచితే గుంపు పలచబడుతుందని వ్యాపారమే అనుభవం మీద నేర్చుకుంది.

2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక షాపింగ్ మాల్ పది రూపాయలకు చీర అని ప్రకటిస్తే చుట్టుపక్కల ఊళ్ళ మహిళలు తరలివచ్చారు. తొక్కిసలాటలో కొందరు గాయపడ్డారు, నగలూ డబ్బూ పోయాయని మొత్తుకున్నారు. 2023 జూన్‌లో కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన ఒక హోటలు రూపాయి నోటు తెస్తే బిర్యానీ అంది. ఎప్పుడో దాచుకున్న రూపాయి నోట్లు పట్టుకుని వందలమంది వచ్చారు. రోడ్డు స్తంభించింది, పోలీసులు మూయించారు. అదే ఏడాది మొదటి రోజున గుంటూరులో సంక్రాంతి కానుకల పంపిణీలో తొక్కిసలాట జరిగి ముగ్గురు మహిళలు చనిపోయారు. అది అమ్మకం కాదు, ఉచిత పంపిణీ. కానీ జరిగిన తీరులో తేడా లేదు: పిలిచింది ఎందరినో, సమకూర్చింది కొందరికి.

ఇది మన పేదరికం తెచ్చిన తంటా అనుకుంటే పొరపాటు. అమెరికాలో 2008 నవంబరు 28న, బ్లాక్ ఫ్రైడే తెల్లవారుజామున, న్యూయార్క్ దగ్గరి వాలీ స్ట్రీమ్‌లో వాల్‌మార్ట్ దుకాణం తలుపులు తెరుచుకునే వేళ జనం తోసుకురావడంతో కిందపడి ఒక ఉద్యోగి చనిపోయాడు. ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషను ఎర ప్రకటనల మీద 1959లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటించిన ధరకు సరుకు ఉంచి తీరాలని 1971లో కిరాణా దుకాణాలకు నియమం పెట్టి, 1989లో దాన్ని కొంత సడలించింది: సరుకు అయిపోతే అదే ధరకు తర్వాత ఇస్తామని చీటీ రాసిచ్చినా చాలంది. అన్ని నియమాలున్న చోట ప్రాణం పోయింది. అంటే సరుకు చాలడం ఒక్కటే కాదు, తలుపు దగ్గర వరుస కూడా ప్రకటనకర్త బాధ్యతే. ఈ రెండో సంగతి మన నిబంధనల్లో ఇప్పటికీ పలచగానే ఉంది.

తెర మీద సేల్

2014లో ఈ కథ వీధి దాటింది. ఆ జులైలో షావోమీ ఫోన్లు ఫ్లిప్‌కార్ట్‌లో ఫ్లాష్ సేల్‌కు వచ్చి క్షణాల్లో అయిపోయాయి. అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే పెట్టింది. సైటు కుప్పకూలింది, బుట్టలో వేసిన వస్తువు చెల్లింపు వేళకు మాయమైంది. పది గంటల్లో పది కోట్ల డాలర్ల సరుకు అమ్మామని ప్రకటించిన కంపెనీయే మర్నాడు కొనుగోలుదారులకు క్షమాపణ చెబుతూ ఉత్తరం పంపింది. మోండాలో కుప్ప ఖాళీ అయితే గోనెపట్టా కనిపిస్తుంది. తెర మీద ఖాళీ అయిన సరుకు వెనక అసలు ఎంత ఉండేదో ఎవరికీ కనిపించదు.

వీధి వ్యాపారులు వేరే కోణంలో గోల పెట్టారు. వేదిక నడిపే కంపెనీయే ధరలు పడగొట్టి మమ్మల్ని ముంచుతోందన్నారు. 2016 మార్చిలోనూ 2018 డిసెంబరులోనూ కేంద్రం ఇచ్చిన ప్రెస్ నోట్లు ఈ మొరకు జవాబే. విదేశీ పెట్టుబడి ఉన్న వేదికలు ధరలను ప్రభావితం చేయకూడదన్నాయి. 2021 జూన్‌లో ఈ కామర్స్ నిబంధనలకు ముసాయిదా సవరణ తెచ్చి, కొందరు అమ్మకందారులకే మేలు చేసే మోసపూరిత ఫ్లాష్ సేల్స్‌ను నిషేధిస్తామన్నారు. మామూలు ఫ్లాష్ సేల్ జోలికి పోమని వెంటనే వివరణ ఇచ్చుకున్నారు. కొనేవాడి కోణంలో జవాబు రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఎరకు హద్దులు

2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమలులోకి వచ్చింది. పాత నిర్వచనాలు అందులోకి చేరాయి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం కొత్తగా అనుచిత పద్ధతుల జాబితాకెక్కాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ. 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే రూ. 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికుంది. ప్రచారం చేసే తారను మొదటిసారి ఏడాది, మళ్ళీ అయితే మూడేళ్ళ దాకా ప్రకటనల నుంచి దూరం పెట్టగలదు.

ఆ సంస్థ 2022 జూన్ 9న ఇచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనలకు ప్రత్యేకంగా ఒక నిబంధన కేటాయించాయి. తక్కువ ధర చూపి జనాన్ని ఆకర్షించడం నేరమనలేదు. చెప్పిన ధరకు అమ్మే అవకాశం నిజంగా ఉండాలి. ప్రకటన వల్ల ఎంతమంది వస్తారో ఊహించి అందుకు తగిన సరుకు ఉంచాలి. చాలదని ముందే తెలిస్తే స్టాకు పరిమితమని స్పష్టంగా చెప్పాలి. గిరాకీ ఎంతుందో చూడడానికే ప్రకటన వేస్తే ఆ మాటా చెప్పాలి. ఏ ఊళ్ళకు, ఏ వయసువారికి వర్తించదో దాచకూడదు. సరుకు దొరకదన్న భయం పుట్టించి ఎక్కువ ధరకు అంటగట్టకూడదు.

షరతులు వర్తిస్తాయి అనే చీమతల అక్షరాలకూ హద్దు పెట్టారు. ప్రకటన ఏ భాషలో ఉందో షరతు ఆ భాషలోనే ఉండాలి. ప్రకటనకు వాడిన అక్షరాలే షరతుకూ వాడాలి. గొంతుతో చెప్పిన మాటకు షరతు కూడా అదే వేగంతో సాగాలి. తెలుగు పత్రికలో ఆఫరు తెలుగులో వేసి షరతులు ఇంగ్లీషులో వేసే అలవాటు ఈ లెక్కన చెల్లదు. ఈ నియమం ఉత్త కాగితం కాదనడానికి ఉదాహరణ ఉంది. ఐదు నిమిషాల్లో ఆటో రాకపోతే యాభై రూపాయలు అని చాటి, అది యాభై దాకా మాత్రమేననీ, నగదు కాదనీ చిన్న అక్షరాల్లో దాచినందుకు 2025 ఆగస్టులో ర్యాపిడోకు ప్రాధికార సంస్థ రూ. 10 లక్షల జరిమానా వేసింది.

2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తెర మీది మాయలకు పదమూడు పేర్లు పెట్టాయి. జాబితాలో మొదటిది తప్పుడు తొందర. రెండే మిగిలాయి, పదిమంది చూస్తున్నారు, గంటలో ముగుస్తుంది లాంటి మాటలు నిజం కాకపోతే ఇక మోసమే. ఎర చూపి సరుకు మార్చడం కూడా ఆ పదమూడింటిలో ఉంది. 2025 జూన్‌లో ప్రాధికార సంస్థ ఈ కామర్స్ వేదికలన్నిటికీ మూడు నెలల్లో తమ తెరలను తామే తనిఖీ చేసుకోమని సలహా ఇచ్చింది. తొక్కిసలాట లేని తోపులాట ఈ తెర మాయలే: ఎవరికీ దెబ్బ తగలదు, కానీ ఆలోచించుకునే వ్యవధి పోతుంది.

మిగిలిన లోటు

నాలుగు దశాబ్దాల ఈ నడకలో చట్టం దిశ సరిగానే ఉంది. ఉద్దేశం చూడడంతో మొదలై సరుకు పరిమాణం, షరతుల భాష, అక్షరాల తీరు, తెర మీది గడియారం దాకా వచ్చింది. అయినా రెండు చోట్ల పట్టు జారుతోంది.

మొదటిది పరిమాణం. సబబైన సరుకు అంటుంది చట్టం. స్టాకు పరిమితమని చెబితే చాలంటున్నాయి మార్గదర్శకాలు. ఎన్ని అని చెప్పమని ఎవరూ అడగలేదు. దాంతో స్టాకు ఉన్నంత వరకే అన్న మాట హెచ్చరికగా కాక మంత్రంగా మారింది. పది చీరలున్నవాడూ పదివేలున్నవాడూ ఒకే ముక్క వేస్తాడు. చదివినవాళ్ళకు రెంటికీ తేడా తెలియదు. రెండోది పాత ధర. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2022 మే 28 నుంచి అమలవుతున్న నియమం ప్రకారం, తగ్గింపు ప్రకటించినప్పుడు అంతకుముందు ముప్పై రోజుల్లో అమ్మిన అతి తక్కువ ధరను చూపాలి. మన దగ్గర అలాంటి రోజుల లెక్క లేదు. అందుకే ఎంఆర్‌పీ మీద డెబ్భై శాతం, ఎనభై శాతం తగ్గింపులు చెల్లిపోతున్నాయి.

ఈ రెండు లోట్లూ పూడ్చడానికి పెద్ద చట్టం అక్కర్లేదు. ఆఫరు ధర పక్కన దుకాణానికి ఎన్ని, మనిషికి ఎన్ని, ఏ సమయం నుంచి అనే మూడు అంకెలు, నెల రోజుల్లో తాము అమ్మిన తక్కువ ధర అనే నాలుగో అంకె ముద్రించాలని మార్గదర్శకాల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు. వంద చీరలే ఉన్నాయని చదివిన మనిషి వెయ్యిమంది వచ్చే చోటికి తెల్లవారుజామున పిల్లను చంకనేసుకుని బయలుదేరదు. గుంపు సగం అక్కడే తగ్గుతుంది. నిజంగా సరుకున్న వ్యాపారికి ఇందులో నష్టం లేదు. వేయి ఉన్నాయని వేయగలగడం అతనికే ప్రచారం.

చట్టం మారేలోగా పాఠకులు చేయగలిగింది ఉంది. ప్రకటన వచ్చిన కాగితాన్ని పారేయకండి, తెర మీది ఆఫరును ఫొటో తీసి ఉంచండి. దుకాణంలో అడుగు పెట్టగానే ఆ ధరకు ఎన్ని ఉన్నాయో అడగండి. బిల్లు తీసుకోండి. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్లోనూ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపయితే రుసుము కూడా లేదు. పది రూపాయల చీర కోసం ఎవరు కోర్టుకెక్కుతారన్న ధీమా మీదే ఎర ప్రకటనలు బతుకుతున్నాయి. ఊరికొక్క ఫిర్యాదు నమోదైనా ఆ ధీమా నిలవదు.